ఖాళీ గిన్నెల షరతు

మేం కాశీ చూశాం. రామేశ్వరంలో ఇరవై రెండు బావుల నీళ్ళూ నెత్తిన పోయించుకున్నాం. ఊటీ వెళ్ళి, అక్కడి చలికి హోటల్ గది దాటకుండా మూడు రోజులు దుప్పట్లో ఉండి వచ్చాం. చూడనిదల్లా రాయచూరు. మా ఇంటి నుంచి రెండు గంటల దారి.

పెళ్ళయి నేను జవళగేర వచ్చి ముప్పై రెండేళ్ళు. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి తరలి వచ్చి వరి వేసుకున్న మాబోటి వాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. ఆ క్యాంపుల్లో ఎవర్నడిగినా రాయచూరు అంటే రైలెక్కే ఊరు, పళ్ళు పీకించుకునే ఊరు, కోర్టు వాయిదా ఉన్న ఊరు. చూసే ఊరని ఎవరూ చెప్పరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉండనే ఉంది. నేనూ ఆ చెట్టుకింద ముప్పై రెండేళ్ళు కూర్చుని, మందుకోసం దేశమంతా తిరిగినదాన్నే.

ఈ యాత్రకి కారణం నర్సింలు. సింధనూరు, రాయచూరు మధ్య సర్కారు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా క్యాంపులో పుట్టిన ప్రతి పిల్లా అతని బస్సులోనే తొలిసారి వాంతి చేసుకుంది. మా ఆడపడుచు వరలక్ష్మి వదిన చీర కుచ్చిళ్ళు సర్దుకునేదాకా బస్సు ఆపి, లోపలి జనం తిట్టే తిట్లన్నీ ఆమె బదులు తనే తిన్న మహానుభావుడు. ఆ మనిషి ఒకరోజు అచ్చు వేయించిన కాగితాలు పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. 'రాయచూరు దర్శనం. కోట, మసీదు, చెరువు. సాయంత్రం కృష్ణా నదిలో పడవ మీద విందు' అని ఉంది. అలాంటి మనిషికి కాదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. మా ఆయన సత్యం గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితమంతా చదివి, ఒక్క మాటే అడిగారు.

"విందంటే అన్నమేనా?"

"జొన్న రొట్టె సారూ. మా ఇంటామె అనసూయ చేతి రొట్టె."

మా ఆయన కళ్ళజోడు తీసేశారు.

జవళగేరలో విజిల్

పొద్దున ఆరింటికి మినీ బస్సు వచ్చింది. అందులో నర్సింలు, మెడలో పాత విజిల్. మేం ఎనిమిది మందిమి. మా దంపతులం, వరలక్ష్మి వదిన, ట్రాక్టర్ షెడ్డు భాస్కరం, ఆయన భార్య, పక్క వీధి అక్కచెల్లెళ్ళు ముగ్గురు. ఆడవాళ్ళందరి చేతుల్లోనూ ఒక్కో సంచి, ప్రతి సంచీ ఏదో గుండ్రటి వస్తువు మింగినట్టు ఉబ్బి ఉంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, ఎందుకంటే నా సంచీ అలాగే ఉంది. అందులో నాలుగు గిన్నెల క్యారేజీ. అన్నం, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, పెరుగన్నం.

నా తప్పేం లేదు. రాత్రి అన్నం పడకపోతే మా ఆయనకి నిద్ర పట్టదు, ఆయనకి పట్టకపోతే నాకు పట్టనివ్వరు. "రొట్టె తిని మనిషన్నవాడు బతుకుతాడా?" అన్నది ఆయన సిద్ధాంతం. చుట్టూ జిల్లా మొత్తం బతుకుతోందండీ అని ముప్పై రెండేళ్ళుగా చెబుతున్నాను.

నర్సింలు తలలు లెక్కపెట్టి, రెండుసార్లు విజిల్ ఊది, "రైట్" అన్నాడు. డ్రైవరు కదిలాడు. ఖాళీ సీట్లు ఇన్ని ఉండగా అతను మాత్రం తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోవయ్యా అంటే, "కూసుంటె నోరు లేవదు సారూ. నిలబడి అలవాటైంది," అన్నాడు.

మాన్విలో ఒగ్గరణి

మాన్విలో టిఫిన్‌కి ఆగాం. మనవైపు పొద్దున్నే ఇడ్లీ అడిగినట్టు ఇక్కడ ఒగ్గరణి అడుగుతారు. బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయతో తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టకపోతే అది ఒగ్గరణి కానట్టే లెక్క. పొద్దున్నే మిరపకాయ బజ్జీ ఏమిటని ముక్కున వేలేసుకున్న వరలక్ష్మి వదిన మూడు తింది. ప్లేటు ముప్పై ఐదు రూపాయలు. కోస్తాలో ఆ డబ్బుకి ఆ ప్లేటు చూడనివ్వరు కూడా.

నర్సింలు తినలేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారిపోయేదాకా తిప్పుతున్నాడు. ఏమైందయ్యా అని అడిగాను.

"ఏం లేదక్కా. జర పరేషాన్ ఉన్నది. ఇది మొదటి ట్రిప్పు గదా. ఇదే ఆఖరిది గూడ కావచ్చు."

"అదేంటి, మొదలెట్టగానే ఆఖరేంటి?"

అప్పుడు చెప్పాడు. రిటైరయ్యాక ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కినంత పనైందట. పొద్దున లేచి, వీధి గుమ్మంలో నిలబడి, వచ్చే పోయే వాళ్ళని ముందుకు జరగమనేవాడట. చివరికి ఈ దర్శనం ఆలోచన వచ్చింది. భార్య వంట చేస్తే గాని ఇది నడవదు. ఆమె ఒప్పుకుంది గాని షరతు పెట్టింది. తీసుకెళ్ళిన గిన్నెలు రాత్రికి ఖాళీగా ఇంటికి రావాలి. మెతుకు మిగిలినా, తుంచిన రొట్టె ఒక్కటి వెనక్కొచ్చినా దుకాణం బంద్.

"మా అనసూయకు ఇజ్జత్ ఎక్కువక్కా. నలభై ఏండ్ల నుంచి వండుతున్నది, ఒక్కనాడు గూడ ఆమె వండింది పారబొయ్యలె. పరాయోళ్ళు ఎంగిలి చేసి ఇడిచిపెడితే నేను చూడలేను అన్నది. ఇయ్యాల మీరు తింటే నేను మల్ల మనిషినైత. లేకుంటె గుమ్మంల నిలబడి రైట్ రైట్ అనుకుంట ఉండుడే."

నవ్వుతూనే చెప్పాడు గాని టీ మాత్రం తాగలేదు. ఒళ్ళో నా సంచి, సంచిలో నాలుగు గిన్నెల క్యారేజీ. మా ఆయన హోటల్ కిటికీలోంచి మాన్వి మార్కెట్ యార్డును ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నారు. ఏటా మా ధాన్యం అమ్మేది అక్కడే. భాస్కరం గారి భార్య తన సంచిని కాలితో బల్ల కిందకి నెట్టింది. అందరం తేలు కుట్టిన దొంగల్లా బస్సెక్కాం.

కోట: దున్నపోతులు ఏం తిన్నాయి?

రాయచూరు కోట మీద వందసార్లు నా కళ్ళు పడ్డాయి, బస్సు కిటికీలోంచి. లోపలికి అడుగు పెట్టింది మాత్రం మొదటిసారి. గోడ రాళ్ళ మధ్య సున్నం లేదు, మట్టి లేదు. కొండంత రాళ్ళని నునుపు చేసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టారంతే. మా క్యాంపులో కిందటేడు కట్టిన ప్రహరీ ఈ వానాకాలానికే పొట్ట ముందుకు పెట్టింది.

నర్సింలు విజిల్ ఊదాడు. అక్కడున్న ఒక కొత్త జంట ఉలిక్కిపడి దూరంగా జరిగింది.

"గిట్ల రాండ్రి. ఈ రాయి చూడుండ్రి. ఒక్కటే రాయి. దీని మీద తెలుగు రాత. కాకతీయుల కాలంది."

నిజంగానే తెలుగు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా గర్వంగా అనిపించింది. కర్ణాటకలో ఉంటూ పిల్లల బడిలో కన్నడం, కరెంటు బిల్లులో కన్నడం చదివీ చదివీ, ఇంత పెద్ద అక్షరాలతో మనవాళ్ళు ఇక్కడ మనకంటే ముందే వచ్చి రాసిపెట్టి పోయారా అనుకున్నాను. పక్కనే గోడ మీద ఒక బొమ్మ గీసి ఉంది. ఆ రాయిని బండి మీద పెట్టి, బారులు తీరిన దున్నపోతులు లాగుతున్నట్టు. మా ఆయన రైతు గనక శాసనం వదిలేసి దున్నపోతుల దగ్గరే ఆగిపోయారు.

"ఇంత రాయి లాగాయంటే ఏం మేపి ఉంటారయ్యా వీటికి?"

"జొన్న సొప్ప సారూ. వరిగడ్డి తింటె గీడిదాక గుంజకొచ్చేవా?" అన్నాడు నర్సింలు.

అందరం నవ్వాం. మా ఆయన నవ్వలేదు. ఇంకోసారి దున్నపోతుల వైపు చూశారు.

అరగంట మాకు మేమే చూసుకొమ్మని వదిలి, "మధ్యాన్నం తిండి లేదు. కడుపుల జాగ ఉంచుండ్రి," అని చెప్పి టీకి వెళ్ళాడు నర్సింలు. నేను మా ఆయన్ని చెయ్యి పట్టుకుని గోడ చాటుకి లాక్కుపోయాను. "ఇక్కడే తినేయండి. సాయంత్రం ఆ అమ్మ ముందు ఈ క్యారేజీ తీస్తే నేను కృష్ణలో దూకుతాను," అన్నాను.

గోడ మలుపు తిరిగేసరికి అక్కడ భాస్కరం గారు అప్పటికే వంకాయ కూర కలుపుతున్నారు. ఆయనకి నాలుగు అడుగుల అవతల వరలక్ష్మి వదిన, రాతి మీద కాళ్ళు చాపుకుని, పులిహోర. ఇంకో మూల నుంచి అక్కచెల్లెళ్ళ గాజుల చప్పుడు. ఎనిమిది మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాకతీయుల గోడకి ఆనుకుని, వంచిన తల ఎత్తకుండా, దొంగతనంగా అన్నం తిన్నాం.

ఎంత తిన్నా నా పెరుగన్నం మిగిలింది. కోట గుమ్మం దగ్గర గాజులమ్మే ముసలమ్మ ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూడగానే "ఊట ఆయ్తా?" అంది. భోజనమైందా అని. మనమూ అడుగుతాం గాని ఇక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా అదే అడుగుతారు. అయ్యిందమ్మా, నువ్వు తిను అని గిన్నె చేతిలో పెట్టాను. చేత్తో తుడిచినట్టు తిని, ఒక మాట అంది. "అన్నం తింటే నిద్దరొస్తది, రొట్టె తింటే పనొస్తది తాయీ." గిన్నె తిరిగిచ్చి, డజను మట్టిగాజులు బలవంతాన నా చేతికి తొడిగింది. ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.

క్యారేజీ ఖాళీ అయింది. నా మనసు తేలికైంది.

ఒంటి మినారు, మూడు భాషల దర్జీ

మధ్యాహ్నం పాత ఊళ్ళో తిరిగాం. ఏక్ మినార్ మసీదుకి పేరుకు తగ్గట్టు ఒకే ఒక్క మినారు, పొడుగ్గా, పక్కన జత లేకుండా. నర్సింలు గొంతు తగ్గించి చెప్పాడు, విజిల్ జేబులో పెట్టుకున్నాడు. అతనికి ఎక్కడ ఊదాలో తెలుసు, ఎక్కడ ఊదకూడదో కూడా తెలుసు.

తీన్ కందీల్ కూడలి దగ్గర వరలక్ష్మి వదిన చెప్పు తెగింది. పక్క దుకాణంలో దర్జీ ఒకాయన పిలిచి స్టూలు వేశాడు. మాతో తెలుగు, వచ్చిన గిరాకీతో కన్నడం, ఫోన్లో బావమరిదితో ఉర్దూ, దారం తెగినప్పుడు మిషనుతో మళ్ళీ ఉర్దూ. ఈ మాటల మధ్య అతను ఊపిరి కూడా తీసుకోలేదు. లావు దారంతో చెప్పు కుట్టి ఇచ్చి, ఇరవై రూపాయలిస్తే పది వెనక్కిచ్చాడు. "చీర గాదు గదమ్మా, చెప్పే గదా," అన్నాడు.

దారి పొడుగునా నర్సింలు నోట రొట్టె తప్ప ఇంకో మాట లేదు. మాకు ధైర్యం చెబుతున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో తెలియదు. మామిడితోపు చెరువు చూపిస్తూ, "అనసూయ రొట్టె కొడితే ఈ చెరువంత గుండ్రంగ వస్తది," అన్నాడు. చెరువు అంత గుండ్రంగా లేదు. పెనం మీద పొంగితే పున్నమి చంద్రుడే అన్నాడు. దాని పక్కన గుత్తొంకాయ, పల్లీల పొడి, తాజా వెన్న అన్నాడు. మూడు గంటలయ్యేసరికి కోటలో తిన్న అన్నం ఎక్కడికి పోయిందో తెలియదు. నాకే కాదు.

"ఎన్ని రొట్టెలు చేస్తుందటయ్యా మీ ఆవిడ?" మా ఆయన చాలా మామూలుగా, ఆకాశంలోకి చూస్తూ అడిగారు.

"మనిషికి నాలుగు సారూ."

"నాలుగేనా?"

నేను విననట్టు అటు తిరిగాను.

యరమరస్ దాటాక

ఎండ తగ్గాక బయల్దేరాం. యరమరస్ దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు పొలాల మీదుగా కనిపించాయి. మా పంపుసెట్టు మోటార్లకి ప్రాణం పోసేది ఇక్కడే అన్నమాట. ఎప్పుడు కరెంటు పోయినా మా ఆయన ఈ దిక్కుకి తిరిగే తిడతారు. ఆ పొగగొట్టాలకి ఇవాళ నమస్కారం చేశారు.

కృష్ణ ఒడ్డున రేవులో అనసూయమ్మ మాకోసం నిలబడి ఉంది. చిన్న మనిషి. నూలు చీర, నుదుట రూపాయంత బొట్టు. పక్కన గుడ్డ కప్పిన పెద్ద గంగాళం, రెండు గిన్నెలు. "రాండమ్మా, అలసిపోయినరా," అంది గాని కళ్ళు మా మొహాల మీద లేవు, మా సంచుల మీద ఉన్నాయి. నేను సంచిని వీపు వెనక్కి తిప్పాను. గిన్నె గిన్నెకి తగిలి టంగుమంది.

పడవ అంటే నేను టీవీలో చూసినట్టు దీపాలు, కుర్చీలు ఊహించాను. నీళ్ళల్లో ఉన్నది పుట్టి. వెదురు బద్దలు అల్లి, కింద తారు పూసిన పెద్ద బుట్ట. దాని యజమాని హనుమన్న తెల్లమీసాల వాడు. మాకు తలా ఒక నారింజరంగు లైఫ్ జాకెట్టు తగిలించాడు. అవి కట్టుకుని గుండ్రంగా అంచుల వెంట కూర్చునేసరికి, తట్టలో పేర్చిన బత్తాయిల్లా ఉన్నాం. గంగాళం మధ్యలో పెట్టారు. నర్సింలు అలవాటు కొద్దీ రెండుసార్లు విజిల్ ఊది "రైట్" అన్నాడు.

"నా పుట్టి సీటీ ఊదితె కదలదు," అన్నాడు హనుమన్న. తెడ్డు వేశాక గాని కదలలేదు.

పుట్టిలో విందు

నది మధ్యకి వచ్చేసరికి సూర్యుడు నీళ్ళ మీదకి వంగాడు. గాలి చల్లగా ఉంది. దూరంగా కొంగలు బారుగా ఇంటికి పోతున్నాయి. పుట్టి తనంతట తాను మెల్లగా తిరుగుతోంది, అందుకని కూర్చున్న చోటే అందరికీ నాలుగు దిక్కులూ వంతులవారీగా కనిపించాయి. పుట్టుకతో కృష్ణ నీళ్ళు తాగినదాన్నే, కాని కృష్ణ మధ్యలో కూర్చోవడం ఇదే మొదలు. నోరు మూసుకుని ఎంతసేపైనా కూర్చుందును.

మా ఆయన మాత్రం గంగాళం మీది గుడ్డనే చూస్తున్నారు.

అనసూయమ్మ కొంగు నడుముకి దోపి, గుడ్డ తీసింది.

అన్నం.

గంగాళం నిండా తెల్లటి అన్నం. పక్క గిన్నెల్లో పప్పు, పులుసు. రొట్టె అన్న వస్తువు పుట్టిలో ఎక్కడా లేదు. నర్సింలు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అతనికీ తెలియదని ఆ మొహం చూస్తేనే అర్థమైంది.

ఆమె విస్తరాకుల్లో వడ్డించింది. మేం కలుపుకున్నాం. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మా ఇళ్ళల్లో పుట్టిన పిల్లకి కూడా అన్నం పలుకు చూస్తే ఏ బియ్యమో, ఎన్ని నీళ్ళు పోశారో తెలిసిపోతుంది. ఈ అన్నం ముద్దయింది, అడుగు కాస్త మాడింది. ఇద్దరికి వండుకునే మనిషి పదిమందికి వండితే అలాగే అవుతుంది. షరతు గుర్తుంది. గబగబా మింగుతున్నాం. వరలక్ష్మి వదిన "చాలా బాగుందండీ" అని ఎంత గట్టిగా అందంటే ఒడ్డు మీద కుక్క మొరిగింది.

అప్పుడు మా ఆయన ముద్ద ఆకులో పెట్టేశారు.

"అమ్మా, అన్నం మా ఇంట్లో ఉంది. గాదెల నిండా ఉంది. రొట్టె ఏదమ్మా?"

నేను మోచేత్తో పొడిచాను. జాకెట్టు లావుకి తగల్లేదు.

"ఏమంటివి సారూ?" అంది అనసూయమ్మ.

"పొద్దుట్నుంచీ మీ ఆయన మా చెవిలో రొట్టెల జపం చేశాడు. చెరువంత గుండ్రం అన్నాడు, పున్నమి చంద్రుడన్నాడు. నా జన్మలో నేను రొట్టె అడిగి ఎరగను. ఇవాళ అడుగుతున్నాను."

ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది. పుట్టి కూడా సరిగ్గా అటే తిరిగింది.

"వింటున్నవా? ముప్పై ఏండ్లసంది రోజు రాత్రి ఇంటికొచ్చి ఏం చెప్పినవ్ నాకు? క్యాంపోళ్ళు రొట్టె ముట్టరు, బస్సుల గూడ క్యారేజి ఇప్పి అన్నమే తింటరు, రొట్టెను చూస్తె మొకం తిప్పుకుంటరు అని చెప్పలె?"

"చెప్పిన గాని..."

"గాని ఏంది? షరతు పెట్టింది నేను. రాత్రంత నిద్ర పట్టలె. నీ ట్రిప్పు ఆగొద్దని, గిన్నెలు ఖాలీ కావాలని, రొట్టెలు ఇడిచిపెట్టి బియ్యం వండిన. పెద్ద గంగాళం పక్కింట్ల అడుక్కొచ్చిన. గింత అన్నం జన్మల వండలె నేను!" ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైకి షరతు పెట్టిన మనిషే, మొగుడి ముచ్చట తీరాలని తనకి రాని వంట చేసింది. మేమేమో ఆమె మనసు కష్టపెట్టకూడదని మా అన్నం గోడ చాటున తినేసి, రొట్టె కోసం కడుపు ఖాళీ చేసుకుని వచ్చాం. ఎవరి మంచితనం వాళ్ళం చూపించుకున్నాం, చివరికి పుట్టిలో ఎవరికీ అక్కర్లేనిదే మిగిలింది.

హనుమన్న తెడ్డు ఆపాడు. తన తలగుడ్డ పక్కన పెట్టుకున్న చిన్న మూట తీసి మధ్యలో పెట్టాడు. అందులో అతని రాత్రి భోజనం. మూడు జొన్న రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, పల్లీల పొడి.

అనసూయమ్మ కళ్ళు తుడుచుకుని మూడు రొట్టెలూ చేతిలోకి తీసుకుంది. ప్రసాదం పంచినట్టు పదకొండు ముక్కలు చేసింది, హనుమన్న వంతుది పెద్దదిగా. రొట్టె చల్లారింది, గట్టిపడింది. మా ఆయన పల్లీల పొడి అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు నమిలారు. ఆయన అంతసేపు ఏదైనా నమలడం నేను చూడలేదు, అన్నం మింగే మనిషి కదా.

"పద్మా," అన్నారు నాతో, "ఇది నమిలేకొద్దీ తియ్యగా ఉంటోందే."

"నా చేతిది తింటె ఏమంటవో సారూ. గిది వాళ్ళ కోడలు కొట్టింది," అంది అనసూయమ్మ. హనుమన్న మీసాల్లో నవ్వుకున్నాడు.

అందరం నవ్వుతుంటే నర్సింలు మాత్రం గంగాళంలోకి తొంగి చూస్తున్నాడు. సగానికి సగం ఉంది.

"ఇగ ఐపాయె," అన్నాడు మెల్లగా. "షరతు షరతే. ఆమె మాట తప్పది." మెడలోంచి విజిల్ తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. పొద్దున టీ గ్లాసు పట్టుకున్నట్టే.

నేనింక ఆగలేదు. సంచిలోంచి క్యారేజీ తీసి, నాలుగు గిన్నెలూ విప్పి ఆమె ముందు పెట్టాను. నన్ను చూసి భాస్కరం గారి భార్య. తర్వాత వరలక్ష్మి వదిన. అక్కచెల్లెళ్ళు. పుట్టి నిండా స్టీలు గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక్కో అస్తమించే సూర్యుడు.

"గివన్ని యాడికెల్లి వచ్చినయి?" అంది అనసూయమ్మ.

"మాకు ఎక్కడికెళ్ళినా ఖాళీ క్యారేజీలు పట్టుకెళ్ళడం అలవాటండీ," అంది వరలక్ష్మి వదిన, రెప్ప వాల్చకుండా.

అనసూయమ్మ నా అడుగు గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. "పెరుగన్నం వాసనొస్తున్నది," అంది.

నేను తల దించుకున్నాను. ఆమె నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, చివరికి పుట్టి ఊగేటట్టు. "ఒక్కరు గూడ ఇడిచి రాలె! ఆరుగురు ఆడోళ్ళు, ఆరు క్యారేజీలు!" అనుకుంటూ గరిటె తీసుకుని నింపింది. అన్నం, పప్పు, పులుసు, అడుగంటిన మాడు కూడా. గంగాళం గీకి చేత్తో తడిమి చూసుకుంది. మెతుకు లేదు.

"ఖాలీ!" అని నర్సింలు విజిల్ ఊదాడు. రేవులో ఉన్న గేదెలు తలెత్తాయి.

అంతలో వరలక్ష్మి వదిన కళ్ళు తిరగకుండా ఎప్పుడూ కొంగున కట్టుకునే బెల్లం ముక్క తీసి టంగున గంగాళంలో వేసింది.

"అయ్యో వదినమ్మా, వద్దు వద్దు! ఖాలీగనె పోవాలె, షరతు!" నర్సింలు దాదాపు గంగాళంలోకే దూకాడు.

"ఒకరి గిన్నె ఖాళీగా పంపిస్తామటయ్యా? మా ఇంటా వంటా లేదు," అంది వదిన.

తీర్పు చెప్పాల్సింది అనసూయమ్మే. బెల్లం ముక్క తీసి చూసింది. దాన్ని కొంగు చివర జాగ్రత్తగా ముడి వేసుకుంది.

"ఊకోవయ్యా," అంది మొగుడితో. "ఖాలీ గిన్నె ఎవరన్న పంపుతరా?"

ఇంటికి వచ్చిన గిన్నె

ఇంటికి చేరాక చూస్తే నా క్యారేజీలో మూడు గిన్నెలే ఉన్నాయి. నాలుగోది, పెరుగన్నం వాసన పట్టుబడ్డది, అనసూయమ్మ దగ్గరే ఉండిపోయింది. తెచ్చిన ఆ ముద్దన్నంలో మర్నాడు మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తిన్నాం. చద్దన్నానికి అలాంటి అన్నమే బాగుంటుంది, మా ఇంట్లో పలుకులుగా ఉండేది కాదు.

వారం తర్వాత సింధనూరు బస్సు మా స్టాపులో ఆగి, కండక్టరు నన్ను పేరు పెట్టి కేకేశాడు. నర్సింలు శిష్యుడట. గుడ్డలో చుట్టిన గిన్నె చేతిలో పెట్టాడు. మూత తీస్తే గిన్నెకి సరిపడా చిన్నగా కొట్టి కాల్చిన కడక్ రొట్టెలు, అప్పడాల్లా పలచగా, పెళపెళలాడుతూ. పక్కన పొట్లంలో పల్లీల పొడి. నర్సింలు రాతలో ఒక చీటీ. 'రెండో ట్రిప్పు పక్కా. ఇగ ఇది అనసూయ రాయమన్న మాట. ఈసారి క్యారేజీలు నిజంగనే ఖాలీగ తెచ్చుకోండ్రి.'

మా ఆయన అరుగు మీద నిలబడే రెండు తిన్నారు. ఇంటిలోపలికి వచ్చేలోపు మూడోది.

గిన్నె కడిగి బోర్లించాను. ఇక వాదన మొదలైంది. ఖాళీగా పంపకూడదు, మరి ఏం పెట్టాలి? వదిన ఆవకాయ అంది, నేను సున్నుండలన్నాను. రెండు రోజులు తేల్లేదు. మూడో రోజు మా ఆయన చెప్పకుండా గిన్నె సంచిలో వేసుకుని మాన్వి వెళ్ళారు. ఏం జరిగిందో తర్వాత అక్కడి దుకాణదారే మాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, నవ్వాపుకోలేక.

ముప్పై ఏళ్ళుగా ఆ యార్డులో వడ్లు అమ్మిన మనిషి, ఆ రోజు మొదటిసారి కొనడానికి నిలబడ్డారట. తెల్ల జొన్నలు చేతిలో పోసుకుని, ఊది, ఒక గింజ కొరికి చూసి, అన్నిట్లోకీ మంచివి ఏరి గిన్నెకి తలకొట్టి పోయించుకున్నారట. ఆ పైన ఇంకో అర బస్తా కట్టమన్నారట.

"ఏం సత్యం సారూ, కోళ్ళు పెట్టిండ్రా?" అని అడిగాడట దుకాణదారు.

"కోళ్ళకి కాదయ్యా," అన్నారట మా ఆయన. "గిన్నెడు మా అనసూయమ్మకి. అర బస్తా మాకు."